ర్యామ్ ఖరాబైతది, తిట్లు విండోస్ తింటది

పత్తి సీజన్ల ఓ పొద్దు జమ్మికుంటకు పోయి, పని ఉండి ఒక నెట్ సెంటర్ల కూసున్న. పక్క కంప్యూటర్ మీద ఒక చెల్లె ఉద్యోగం ఫారం నింపుతున్నది. ఫొటో ఎక్కిచ్చింది, సంతకం ఎక్కిచ్చింది, ఇగ ఆఖరి బటన్ నొక్కుతదనంగ స్క్రీన్ మొత్తం నీలం అయిపోయింది. సెంటర్ నడిపే అన్న నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు. "మల్ల వైరస్ అచ్చిందే" అన్నడు. నెల రోజుల్ల మూడుసార్లు విండోస్ ఫార్మాట్ కొట్టిచ్చిండట. కొట్టిచ్చినప్పుడల్లా వారం పది రోజులు మంచిగనే నడుస్తదట, తర్వాత మల్ల గదే కత.

వైరస్ కాదు. రాత్రంత మెమొరీ టెస్టు పెట్టి చూస్తే, రెండు ర్యామ్ కర్రల్ల ఒకదాంట్ల ఒక్కటే జాగల తప్పు మీద తప్పు వస్తున్నది. మిగిలినదంత బాగనే ఉన్నది. ఆ ఒక్క జాగల ఏ ప్రోగ్రాం పడితే గా ప్రోగ్రాం కూలుతున్నది. విండోస్ సొంత సామాన్ పడితే కంప్యూటరే కూలుతున్నది. మూడు ఫార్మాట్ల పైసలు ఉత్తగనే పోయినయ్.

గిసొంటి తప్పు పెద్ద సర్వర్ల వస్తే ఏమైతది? మన పహాణి, మన బ్యాంకు ఖాతా, మన స్కాలర్‌షిప్ ఫారం అన్నీ ఏదో ఒక సర్వర్ మీదనే ఉన్నయ్ గద. అక్కడ స్క్రీన్ నీలం అయితే ఊరంత ఆగాలె. కని చాలాసార్లు ఆగదు. ఆగకుంట కెర్నెల్ ఏం చేస్తదో చెప్తా. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిమిట్ల ఉండే అసలు పెద్దమనిషి. మెమొరీల ఏ జాగ ఎవలకు ఇయ్యాలె, ఎవలకాడికెళ్లి వాపస్ తీసుకోవాలె అన్నది దాని చేతులనే ఉంటది. మీ చేతులున్న ఆండ్రాయిడ్ ఫోన్ల సుత లినక్స్ కెర్నెలే ఉన్నది.

ముందుగాల తప్పు ఎట్ల వస్తదో చూద్దాం. 8 జీబీ ర్యామ్‌ల దగ్గర దగ్గర 6,870 కోట్ల బిట్లు ఉంటయ్. ఒక్కో బిట్టు అంటే ఇంతంత కరెంటు దాసుకునే చిన్న గురిగి. కరెంటు ఉంటే 1, లేకుంటే 0. ఆ గురిగి కారుతనే ఉంటది, గందుకే సెకండుకు పదిపదిహేను సార్లు దాన్ని మల్ల నింపుకుంట పోతరు. ఇన్ని కోట్ల గురిగిల్ల ఒకటి పగిలిపోవచ్చు, లేకుంటే ఒక్క క్షణం తిరగబడి 1 కాస్త 0 కావచ్చు.

తిరగబడుడు అంటే కట్టుకత కాదు. 1978ల ఇంటెల్ కంపెనీల టిమొతీ మే, మర్రే వుడ్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు, చిప్పు మీద కప్పిన పింగాణిల ఉన్న యురేనియం, థోరియం ఆనవాళ్లే బిట్లను తిప్పుతున్నయని పట్టుకున్నరు. ఇంకోటి అంతరిక్షంకెళ్లి వచ్చే కాస్మిక్ కిరణాలు. హైదరాబాద్‌ల ఈసీఐఎల్ దిక్కు టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉన్నది. ఆడికెళ్లి ఇడిసిన పెద్ద పెద్ద బెలూన్లు అప్పుడప్పుడు మన చేన్లల్ల పడితే జనం ఏదో వింత అనుకుని ఉరుకుతరు. గా బెలూన్లు పైకి పోయి చూసే వాటిల్ల ఈ కాస్మిక్ కిరణాలు సుత ఉన్నయ్.

2003 మే నెలల బెల్జియం దేశంల, షార్‌బేక్ అనే ఊర్ల ఎలక్షన్ అయింది. ఒక అభ్యర్థికి రావాల్సిన దానికంటె సరిగ్గ 4,096 ఓట్లు ఎక్కువ పడ్డట్టు కంప్యూటర్ చూపెట్టింది. అంత మెజారిటీ వచ్చే ఛాన్సే లేదు కాబట్టి దొరికింది. 4,096 అంటే రెండును పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే లెక్క. అంటే ఒకే ఒక్క బిట్టు తిరగబడ్డట్టు. ఎందుకు తిరగబడ్డదో రుజువు కాలే గని, ప్రోగ్రాంల మాత్రం తప్పు దొరకలే. నాకు ఈ కతల భయం పుట్టిచ్చేది గదే. మిషన్ ఆగలే. నిమ్మలంగ తప్పు లెక్క చెప్పింది. అదే బిట్టు కింది వరుసల ఉండి నాలుగు ఓట్లే పెరిగి ఉంటే ఎవలకు తెలుస్తుండె?

గట్లని అన్నిటికీ ఆకాశాన్నే అనుడు తప్పు. గూగుల్ కంపెనీ తన సర్వర్లను రెండున్నర ఏండ్లు గమనించి 2009ల లెక్కలు బయటపెట్టింది. ఏడాదిల నూటికి ఎనిమిదికి పైగ ర్యామ్ కర్రల్ల తప్పు కనవడ్డది. ఎక్కువశాతం కర్రనే ఖరాబై వచ్చినట్టున్నయని తేల్చిన్రు. మన రామగుండం ఎండలు చూసి వేడితోటే అయితదని నేను అనుకుంటుంటి. ఆ లెక్కలల్ల వేడి పాత్ర తక్కువ, కర్ర వయసు పాత్ర ఎక్కువ అని వచ్చింది.

ఇగ తప్పును పట్టుకునే ఇకమతు. కాంట పుస్తకంల ఒక పేజీ అనుకోండ్రి. ఎనిమిది వరుసలు, ఎనిమిది నిలువు గీతలు, అన్నిట్ల బస్తాల తూకాలు. ప్రతి వరుసకు చివర మొత్తం, ప్రతి నిలువుకు కింద మొత్తం రాసి పెట్టిన్రు. రాత్రి సినుకు పడి ఒక అంకె చెదిరింది. తెల్లారి కూడితె మూడో వరుస మొత్తం కలుస్తలేదు, ఐదో నిలువు మొత్తం కలుస్తలేదు. ఆ రెండు కలిసే గడిలనే తప్పు ఉన్నది. బిట్టుకైతె ఇంకా సులువు. 0 తప్పంటే 1 ఒప్పు. జాగ దొరికిందంటె తప్పు దిద్దినట్టే.

ఈసీసీ ర్యామ్ అంటే గిదే. 64 బిట్ల సామానుకు ఇంకో 8 బిట్లు లెక్క సరిచూసేటందుకు తోడు పెడ్తరు, మొత్తం 72. ఒక బిట్టు తప్పయితే దిద్దుతది. రెండు తప్పయితే దిద్దలేదు, కని "ఇది తప్పు" అని మొత్తుకుంటది. దీని ఎనుక ఉన్న లెక్కను 1950ల అమెరికాల బెల్ ల్యాబ్స్‌ల పనిచేసే రిచర్డ్ హామింగ్ రాసిండు. శనాదివారాలు ఆయన పెట్టిపోయిన పనిని మిషన్ తప్పు దొరకంగనే ఇడిసి పెడుతుండెనట. తప్పు ఉన్నదని తెలుసుకునే మిషన్, దాన్ని దిద్దుకోవద్దా అని కోపమొచ్చి కూసొని కనిపెట్టిండు.

కెర్నెల్ పని ఈడికెళ్లి షురువయితది. కెర్నెల్ మెమొరీని 4 కేబీ ముక్కలు చేసి పంచుతది. గా ముక్కను పేజీ అంటరు. 8 జీబీల దాదాపు 21 లక్షల పేజీలు. దీన్ని మన మార్కెట్ యార్డు షెడ్డు లెక్క అనుకుందాం, పేజీ అంటే బస్తాలు పెట్టే ఒక గడి. పైన రేకుకు ఒక జాగల చిల్లు పడ్డది.

ఒక్క బిట్టు తప్పయితే చిప్పే దిద్దుకుంటది, ప్రోగ్రాంకు సోయి సుత ఉండదు. కెర్నెల్ మాత్రం "ఫలానా కర్ర, ఫలానా గడి" అని రాసి పెట్టుకుంటది. ఒకటి రెండుసార్లయితే పట్టిచ్చుకోదు. అదే గడిల మాటిమాటికి వస్తే, చిల్లు పెద్దగ కాకముందే బస్తాలను ఇంకో గడిలకు జరుపుతది, చిట్టీ మీద గడి నంబర్ మారుస్తది, పాత గడి చుట్టూ సుద్దముక్కతోటి గీత గీసి ఎవలకూ ఇయ్యదు. రైతుకు తెల్వకుంటనే అయిపోతది.

దిద్దలేని తప్పు వస్తే ప్రాసెసర్ పని ఆపి కెర్నెల్‌ను పిలుస్తది. దీన్ని మెషిన్ చెక్ అంటరు. ఎన్కట మామూలు సర్వర్లల్ల గీ పిలుపు వచ్చిందంటె మొత్తం దుకాణం బందే. 2009 డిసెంబర్‌ల వచ్చిన లినక్స్ 2.6.32ల, ఆండీ క్లీన్, ఆయన తోటోళ్లు రాసిన కోడ్ చేరినంక కత మారింది. కెర్నెల్ ముందుగాల ఆ పేజీకి "ఇది విషం" అని ముద్ర కొడ్తది. నిజంగనే, కోడ్‌ల దాని పేరే హెచ్‌డబ్ల్యూ పాయిజన్. తర్వాత ఆ గడిల ఎవని సామాన్ ఉన్నదో చూస్తది.

గడి ఖాళీగ ఉంటె రంది లేదు, గీత గీసి పక్కకు పెడ్తది. అండ్ల ఉన్నది డిస్కు మీదికెళ్లి తెచ్చిన నకలు అయ్యి, ఎవలూ మార్చకుంట ఉంటె, దాన్ని పారేస్తది, అక్కెర పడ్డప్పుడు అసలు కాపీ డిస్కులకెళ్లి ఇంకో గడిలకు మల్ల తెస్తది. మార్చిన ఫైలు అయితే కష్టం. కొత్తగ రాసింది ఇంకా డిస్కుకు పోలే, ఉన్న ఒక్క కాపీ తడిసింది. దాన్ని కెర్నెల్ పుట్టియ్యలేదు. ప్రోగ్రాం ఫైలును డిస్కుకు రాయమన్నప్పుడు "రాయలేకపోయిన" అని జవాబిస్తది. గా జవాబును సరిగ్గ ఇనని ప్రోగ్రాంలు మస్తు ఉన్నయ్, కోడ్ రాసే తమ్ముండ్లు జర గిది యాదిల పెట్టుకోండ్రి.

ప్రోగ్రాం సొంత మెమొరీల ఉన్నదయితే కెర్నెల్ దానికి సిగ్‌బస్ అనే సిగ్నల్ పంపుతది. ఇది జమ్మికుంట బస్టాండ్ల ఆగే బస్సు కాదు. "నీ సామాన్ల ఈ ముక్క పోయింది" అనే కబురు. ఆ కబురును అందుకునే తీరుగ రాసుకున్న ప్రోగ్రాం అయితే, పోయిన ముక్క ఏందో చూసుకొని ఇంకో తావుకెళ్లి తెచ్చుకోవచ్చు. ఏమీ రాసుకోకపోతే గా ఒక్క ప్రోగ్రాం సస్తది. మిగిలిన వాళ్ల పని నడుస్తనే ఉంటది. హైదరాబాద్ దిక్కు ఇప్పుడు పెద్ద పెద్ద డేటా సెంటర్లు ఉన్నయ్, అమెజాన్ వాళ్లు 2022 నవంబర్‌ల తెరిచిన్రు. అసొంటి తావుల్ల ఒక సర్వర్ మీద పదిమంది కిరాయిదార్లు వేరువేరు వర్చువల్ మిషన్లు నడుపుకుంటరు. చిల్లు ఒకని గడి మీద పడితే ఆ ఒక్కనికే కబురు పంపే వీలు గీ కోడ్‌తోటే వచ్చింది.

ఇగ చిల్లు సూపర్‌వైజర్ టేబుల్ మీదనే పడితే? అంటే తప్పు కెర్నెల్ సొంత లెక్కలల్లనే వస్తే? అప్పుడు చాలావరకు చేసేదేం లేదు, షెడ్డు తాళం వేసుడే. దాన్ని ప్యానిక్ అంటరు. ఇది చేతగానితనం అని నేననుకోను. ఏ గడి ఎవనిదో రాసే పుస్తకమే తడిస్తే, అట్లనే పని నడిపిస్తె ఒకని బస్తాలు ఇంకొకని పేరు మీద పోతయ్, గా తప్పు డిస్కు మీద సుత ఎక్కుతది. ఆగితే అద్దగంట పోతది. తప్పు డిస్కుకు ఎక్కితే ఏండ్లకేండ్లు తిరగాలె. భూమి రికార్డుల పేరు తప్పు పడ్డోళ్లను అడగండ్రి, అది కంప్యూటర్ చేసినా మనిషి చేసినా తిరుగుడు తిరుగుడే.

ఇంత తెలివి ఉన్న కెర్నెల్ మన నెట్ సెంటర్ల ఎందుకు పనికి రాలే? దానికి ఎవలూ చెప్పలే గనుక. సెంటర్లల్ల, ఇండ్లల్ల ఉండేది ఈసీసీ లేని ర్యామ్. అండ్ల తోడు బిట్లు లేవు, తప్పయితే తప్పని మొత్తుకునేటోడు లేడు. తిరగబడ్డ బిట్టునే నిజమని కెర్నెల్ నమ్ముతది. ఇది మనసొంటోళ్లకే కాదు. లినక్స్ పుట్టిచ్చిన లైనస్ టోర్వాల్డ్స్, మామూలు కంప్యూటర్లకు ఈసీసీ అందకుంట చేసిందని 2021 జనవరిల ఇంటెల్‌ను గట్టిగ అరుసుకున్నడు. 2022 అక్టోబర్‌ల ఆయన సొంత మిషన్లనే ప్రోగ్రాంలు ఉత్తుత్తగ కూలుడు షురువైంది. ముందుగాల కొత్త కోడ్ మీదనే అనుమానపడ్డడు. ఆఖరికి దొరికింది ఖరాబైన ర్యామ్ కర్ర. ఈసీసీ లేనిది. ఆయనకే తప్పలేదంటే, మన అన్న విండోస్‌ను తిట్టిండంటె ఏం తప్పు?

నా మాట ఏందంటే, పదిమంది లెక్క దాసే కాడ ఈసీసీ ఉండాలె. ఇంట్ల సినిమా చూసే కంప్యూటర్‌కు అక్కెర లేదు. కని సంఘం అప్పుల లెక్కలు, ఆడ్తి దుకాణం తక్‌పట్టీలు, దవాఖాన రిపోర్టులు ఒక్కటే కంప్యూటర్ల ఉంటె, కొనే ముందు అడగండ్రి. ర్యామ్ ఒక్కటే ఈసీసీ అయితే చాలదు, ప్రాసెసర్, మదర్‌బోర్డు సుత దానికి ఒప్పుకోవాలె. ఖర్సు ఎక్కువే, కాదంటలేను. దుకాణపోడు "డీడీఆర్ ఐదుల ఈసీసీ ఎట్లనో ఉంటది" అంటడు. అది చిప్పు లోపల చిప్పు దిద్దుకునే ఏర్పాటు. దారిల వచ్చే తప్పును ఆపదు, కెర్నెల్‌కు కబురూ చెప్పదు.

కొనుడు అయ్యే పని కాకపోతే, ఫార్మాట్ కొట్టిచ్చే ముందు పరీక్ష చేసుకోండ్రి. విండోస్‌లనే మెమొరీ డయాగ్నస్టిక్ అని ఉంటది, వెతికితే దొరుకుతది. ఇంకా గట్టిగ చూడాలంటే మెమ్‌టెస్ట్86 ప్లస్ ఫ్రీగనే ఉన్నది, పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చి రాత్రంత నడపాలె. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఆ కర్రను నమ్మద్దు. ముందుగాల కర్ర తీసి బంగారు రంగు పండ్లను రబ్బర్‌తోటి రుద్ది మల్ల గట్టిగ కూసోబెట్టి చూడండ్రి, ఒక్కోసారి దుమ్మే కారణం అయితది. పత్తి జిన్నింగుల పక్కపొంటి ఉన్న దుకాణాలల్ల మరీను.

లినక్స్ ఉన్నోళ్లు ఇంకోటి చూడొచ్చు. ప్రాక్ అనే ఫోల్డర్ల మెమ్‌ఇన్ఫో అనే ఫైలు తెరిస్తే "హార్డ్‌వేర్ కరప్టెడ్" అని ఒక లైన్ ఉంటది. కెర్నెల్ విషం ముద్ర కొట్టి పక్కకు పెట్టిన మెమొరీ ఎంతనో అండ్ల కనవడ్తది. మీ కాడ సున్నా ఉంటది. ఈసీసీ ఉన్న సర్వర్ల సున్నా అంటే ఇప్పటిదాంక ఏ పేజీని పక్కకు పెట్టాల్సిన అక్కెర పడలేదని. మన కంప్యూటర్ల సున్నా అంటే ఎవలూ లెక్క పెట్టలేదని.

ఆ చెల్లె ఫారం సంగతి అడుగుతరేమో. ఖరాబు కర్ర తీసేసి ఉన్న ఒక్క కర్ర మీదనే నడిపిన్రు, జర మెల్లగ. తెల్లారి మల్ల వచ్చి మొదటికెళ్లి నింపింది, ఫారం పోయింది. తీసేసిన కర్రను అన్న పారెయ్యలే, కౌంటర్ మీద పెట్టుకున్నడు. "వైరస్ అచ్చింది" అన్నోళ్లకల్లా చూపెడుతున్నడు.