మూగదెబ్బే కదా అని వదిలేస్తున్నారా?

గోదాములో పెట్టె జారి కాలి మీద పడుతుంది. హోటల్ కిచెన్‌లో తలుపు మోచేతికి తగులుతుంది. రక్తం రాలేదు కాబట్టి 'ఏం కాలేదులే' అనుకుని షిఫ్ట్ పూర్తి చేసేస్తాం. తెల్లారి చూస్తే అక్కడ నల్లగా కమిలిపోయి ఉంటుంది!

రంగులెందుకు మారతాయి?

చర్మం చిట్లకపోయినా దాని కింద సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి. బయటికి దారి లేక రక్తం అక్కడే చేరుతుంది. మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఆపై ఆకుపచ్చగా, చివరికి పసుపు రంగులోకి మారుతుంది. కంగారొద్దు, పేరుకున్న హిమోగ్లోబిన్‌ని శరీరం విడగొట్టి శుభ్రం చేసుకుంటోందన్నమాట. మామూలుగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. చామనఛాయలో ఈ రంగులు సరిగా కనిపించకపోవచ్చు. వాపు, నొప్పి ఎలా ఉన్నాయో చూసుకోండి.

మొదటి 48 గంటలు

* పని ఆపి, ఆ భాగానికి విశ్రాంతి ఇవ్వండి.
* ఐసుని గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. రోజులో మూడు నాలుగుసార్లు ఇలా చేయొచ్చు. నేరుగా చర్మం మీద మాత్రం వద్దు.
* కాలికైతే దిండు మీద ఎత్తులో పెట్టుకోండి.
* బామ్ రాసి గట్టిగా రుద్దడం, వేడి కాపడం ఇప్పుడే వద్దు. లోపల రక్తస్రావం, వాపు పెరుగుతాయి. కాపడం రెండు రోజుల తర్వాతే.
* సొంతంగా ఆస్పిరిన్ వేసుకోవద్దు. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది.

ఆలస్యం చేయొద్దు

వాపు రాయిలా గట్టిపడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు కదిపితే భరించలేనంత నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత వచ్చినా, నడుముకో కడుపుకో తగిలాక మూత్రంలో రక్తం కనిపించినా అంతే. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు చిన్న దెబ్బకైనా డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఫోన్ తీయండి

దెబ్బ తగిలిన రోజే ఫొటో తీయండి. సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టండి, ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించండి. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు పనిలో తగిలిన గాయంతో డ్యూటీకి వెళ్లలేకపోతే జీతంలో 90 శాతం దాకా భృతి వస్తుంది. నిన్న చేరినవాళ్లకైనా ఇది వర్తిస్తుంది. రెండు వారాలకి మచ్చ మాయమైపోతుంది. అప్పుడు అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు!