ప్లగ్గు తీసినా పోని విద్యుత్తు

కంప్యూటరు ఉన్నట్లుండి ఆగిపోతే, చాలామంది దృష్టి దాని వెనుకనున్న రేకుపెట్టె మీదికి పోతుంది. దానిని పవర్ సప్లై అంటారు. “ప్లగ్గు తీసివేశాం గదా, ఇక భయమేమి?” అని కొందరు మరలు విప్పడానికి సిద్ధపడతారు. కాని ప్లగ్గు తీసిన తరువాత, బాగా పనిచేసే పెట్టెకంటె చెడిపోయిన పెట్టెయే ఎక్కువ ప్రమాదకరం కావచ్చును. కారణమేమిటో చూద్దాం.

మన ఇండ్లకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరు భాగాలకు కావలసినదో, 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పు కొరకు పెట్టెలోని డయోడ్లు మొదట ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మారుస్తాయి. 230 వోల్టులకు శిఖర విలువ √2 రెట్లు, అనగా సుమారు 325 వోల్టులు. ఆ వోల్టేజి వద్ద ఒక పెద్ద కెపాసిటరు ఆవేశాన్ని నిలువ చేసుకొంటుంది. కొన్ని నమూనాలలో ఇది 400 వోల్టుల వరకు ఉంటుంది. తరువాత ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలకొలది సార్లు స్విచ్చివలె పనిచేస్తూ, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా ఆ వోల్టేజిని తగ్గిస్తాయి.

కెపాసిటరు 330 మైక్రోఫారడులదనుకొందాం. దానిలోని శక్తి ½CV² సూత్రం ప్రకారం సుమారు 17 జౌళ్లు. ఒక కిలోగ్రాము బరువు 1.8 మీటర్ల ఎత్తునుండి పడినప్పుడు వెలువడే శక్తి ఇంచుమించు ఇంతే. అది ఒక చేతినుండి మరొక చేతికి రొమ్ముగుండా ప్రవహిస్తే గుండెలయ తప్పవచ్చును, ప్రాణాపాయం కలుగవచ్చును.

బాగున్న పెట్టెలో, ప్లగ్గు తీయగానే మిగిలిన ఆవేశంలో చాలా భాగాన్ని ట్రాన్సిస్టర్లే వాడివేస్తాయి. నియంత్రణ వలయం చెడి అవి ఆగిపోతే ఆ దారి మూసుకొనిపోతుంది. ఆవేశాన్ని మెల్లగా ఖాళీచేయడానికి కొన్నింటిలో నిరోధకం ఉంటుంది. అది 220 కిలో ఓములదైతే కాలస్థిరాంకం సుమారు 73 సెకన్లు. అప్పటికి కూడ 120 వోల్టులు మిగిలే ఉంటాయి. ఆ నిరోధకమే తెగిపోతే ఆవేశం ఎంతో సేపు నిలిచిపోతుంది. ఏ భాగం చెడిందో పైనుండి చూచి చెప్పలేము.

దీనిని తరగతిలో ప్రమాదం లేకుండా చూపవచ్చును. 16 వోల్టులకు తగిన 1000 మైక్రోఫారడుల కెపాసిటరును, ధన ఋణ ధ్రువాలు సరిచూచి, 9 వోల్టుల బ్యాటరీతో ఆవేశపరచవలెను. బ్యాటరీని తొలగించి, కెపాసిటరుకు 10 కిలో ఓముల నిరోధకాన్ని కలిపితే 10 సెకన్లలో వోల్టేజి సుమారు 3.3కు దిగుతుంది. మరల ఆవేశపరచి, ఈసారి నిరోధకం లేకుండా డిజిటల్ మల్టీమీటరుతో చూస్తే అది ఎంత నెమ్మదిగా తగ్గుతుందో విద్యార్థులే గమనిస్తారు. చెడిన పెట్టెలో జరిగేదీ ఇదే. తేడా వోల్టేజిలోనే ఉన్నది.

కనుక పవర్ సప్లై చెడితే దానిని విప్పరాదు. గాలిరంధ్రాలలో తీగలు, పుల్లలు దూర్చరాదు. స్క్రూడ్రైవరు అడ్డుపెట్టి కెపాసిటరును ఖాళీచేయరాదు. తీవ్రమైన నిప్పురవ్వలు లేచి లోహం కరిగి చిందవచ్చును. ప్లగ్గు తీసి, పెట్టెను మొత్తంగా మార్పించడమే మంచిది. మరమ్మతు తప్పనిసరియైతే, తగిన నిరోధకం ద్వారా ఆవేశాన్ని తొలగించి, మీటరుతో సరిచూచిన తరువాతనే చేయి పెట్టే శిక్షితునికి అప్పగించవలెను.