తెరపై వైద్యుని నమ్ముట ఎట్లు?

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున రోగిని పరీక్షించుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అను మూడు మార్గములు చెప్పిరి. ఫోను తెరపై వైద్యుడు చూడగలడు, అడుగగలడు. చేయి పట్టి చూడలేడు. నా సందేహమంతయు ఇక్కడనే.

2020 మార్చిలో మన దేశమున వెలువడిన దూరవైద్య నియమావళి ప్రకారము వైద్యుడు మందుచీటీపై తన రిజిస్ట్రేషన్ సంఖ్య వేయవలెను. అవసరమని తోచినచో రోగిని స్వయముగా రమ్మనవలెను. ఆ సంఖ్య అడుగుటకు మొగమాటమేల?

స్పర్శ లేనిచోట భారమంతయు ప్రశ్నముపై పడును. మా పరిచితులొకరు కార్తికమాసమంతయు ఉపవాసముల పేర మధుమేహపు మాత్ర మానిరి. ఫోను మనుమని చేతిలో నుండుటచే ఆ మాట చెప్పలేకపోయిరి. మాత్ర చాలలేదని తలచి వైద్యుడు మోతాదు పెంచెను. పిల్లవానిని కొంతసేపు బయట నుండుమనిన దోషమేమి?