శాలువా కప్పని సన్మానం

నిరుడు జూన్‌లో మావారూ నేనూ అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. వాడుండేది మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. ఒకనాడు "మా టౌన్ మేనేజరు రిటైరవుతున్నాడు. సభ ఉంది, వస్తారా?" అన్నాడు. మావారు ముప్ఫయ్యారేళ్ళు మునిసిపాలిటీలో పనిచేసి, 2011లో మేనేజరుగా రిటైరైన మనిషి. ఆ మాట చెవిన పడగానే చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడ్డారు!

అక్కడ మేనేజరంటే మన ఆఫీసు మేనేజరు కాదు సుమండీ. ఊరంతటికీ అధికారి, మన కమిషనరు వంటివాడు. తేడా ఒక్కటే. మన కమిషనర్ని ప్రభుత్వం వేస్తుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. అక్కడ ప్రజలెన్నుకున్న సెలెక్ట్ బోర్డు తగినవాణ్ణి వెతికి పెట్టుకుంటుంది. ఊరి బడ్జెట్టును మాత్రం టౌన్ మీటింగులో జనమే ఓటేసి తేలుస్తారు.

ఈ పద్ధతికి నూరేళ్ళు దాటాయి. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ పట్టణం ఇటువంటి అధికారిని నియమించుకుంది. 1913లో ఒహాయోలోని డేటన్ నగరాన్ని పెనువరద ముంచింది. పని తెలిసినవాడు నగరాన్ని నడపాలన్న మాట దానితో బలపడింది. 1914లో అక్కడా మేనేజరు వచ్చాడు. తరువాత ఎన్నో ఊళ్ళు ఆ దారి పట్టాయి. పార్టీల జోలికి పోకుండా ఉండడం ఈ ఉద్యోగంలో పెద్ద నియమం.

సభ బడి హాల్లో జరిగింది. దండలు లేవు, శాలువాలు లేవు. ఒక చెక్క జ్ఞాపిక, కాఫీ, కేకు - అంతే. ఒక్కొక్కరే లేచి రెండేసి నిమిషాలు మాట్లాడారు. ఒక ముసలావిడ, మంచు తుఫాను రాత్రి తాను ఫోను చేస్తే ఎత్తింది ఆయనేననీ, తెల్లవారేసరికి తన వీధిలో మంచు తోయించాడనీ చెప్పింది. ఇంకొకాయన, "మురుగు పైపుల సంగతిలో ఈయనతో మూడేళ్ళు పోట్లాడాను. ఈయన చెప్పిందే నిజమైంది" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు మావారి సభ జ్ఞాపకం వచ్చింది. ఆనాడు తొమ్మిది ఉపన్యాసాలు. నిగర్వి అన్నారు, అజాతశత్రువు అన్నారు. 1990 మే నెల తుఫాను మాట ఒక్కరూ ఎత్తలేదు. అప్పటికి మావారు గుమస్తా. కరెంటు పోయి ఊరికి మంచినీళ్ళు లేకపోతే, రైసుమిల్లు వాళ్ళను బతిమాలి డీజిలు ఇంజను తెచ్చి పంపుహౌసులో పెట్టించారు. మూడు రాత్రులు ఇంటి ముఖం చూడలేదు. తడిసిన జనన మరణ రిజిస్టర్లను మా వసారాలో మంచాల మీద కాగితం కాగితం విడదీసి ఆరబెట్టారు. సభనాడు ఆడవాళ్ళ వరసలో కూర్చుని, ఎవరైనా ఆ మాట అంటారేమోనని చివరిదాకా చూశాను.

తిరిగి వస్తుంటే కారులో ఇదంతా అబ్బాయికి చెప్పాను. తుఫాను నాటికి వాడు నాలుగేళ్ళవాడు.

"నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అన్నాడు.

మావారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నారు. కొంతసేపటికి, "ఇంజను తెచ్చింది నేనేరా. నడిపింది మాత్రం పంపు డ్రైవరు. సొంత ఇల్లు కూలిపోయినా అతను అక్కణ్ణించి కదల్లేదు. అతను రిటైరైననాడు సభ పెట్టాలని మాకెవరికీ తోచలేదు. నాకూ తోచలేదు" అన్నారు.

ఇన్నాళ్ళూ మావారి మాట ఎవరూ చెప్పలేదని బాధపడ్డాను గాని, మేము మరిచిపోయిన మనిషి ఒకడున్నాడని ఎన్నడూ అనుకోలేదు.

మీ ఊళ్ళోనూ ఎవరో ఒకరు రిటైరవుతూనే ఉంటారు. శాలువా కప్పండి, వద్దనను. కాని ఆయన చేసిన పని ఒక్కటి, ఏ ఏడు, ఏ వీధిలోనో జ్ఞాపకం చేసుకుని చెప్పండి. ఇంట్లోవాళ్ళు వింటూ ఉంటారు.

ఇండియా వచ్చిన మర్నాడే మావారు పంపు డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. పొద్దున వెళ్ళిన మనిషి దీపాలు పెట్టేవేళకు గాని తిరిగి రాలేదు.