చిన్న కార్డు - పెద్ద పేరు

కళింగపట్నం సముద్రం ఒడ్డున ఉంది. ఈ తీరం నుంచి చాలామంది మగవాళ్లు చేపల వేటకు గుజరాత్‌లోని వీరావల్ దాకా వెళతారు. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో దూరాన ఉన్నవాళ్ల కబురు పోస్టుకార్డు మీద వచ్చేది. చదువురాని ఆడవాళ్లకు పోస్టుమేనో, పక్కింటి పిల్లాడో చదివి చెప్పాలి. మొగుడు రాసిన మాట ముందు పరాయివాళ్లకు తెలిసేది! చదివాక ఆ కార్డును ఇనపతీగకు గుచ్చేవారు.

అలాంటి కార్డులు మీ ఇంట్లో ఉన్నాయా? ఇప్పుడు వాటిని మీరే చదువుకోవచ్చు. పాత కాగితాలు కదా అని పొయ్యిలో వేయకండి.

మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది. అప్పుడు దాని ధర కాలణా. ఇంత చిన్న కార్డును కూడా ఇష్టంగా దాచుకునేవాళ్లు లోకమంతా ఉన్నారు. అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. అక్కడ కూపర్స్‌టౌన్ అనే ఊళ్లో గొప్ప ఆటగాళ్ల పేరున కంచు ఫలకాలు పెట్టారు. ఆ ఫలకాల బొమ్మలతో కార్డులు అమ్ముతారు. ఆటగాడి చేత కార్డు మీద సంతకం చేయించుకుని జనం దాచుకుంటారు.

మన దేశంలో గొప్పవాళ్ల గుర్తుగా తపాలా బిళ్లలు వేస్తారు. 1996లో నలుగురు క్రికెట్ ఆటగాళ్ల పేరున బిళ్లలు వేశారు. అందులో ఒకరు మన తెలుగువారు, సి.కె. నాయుడు. పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895లో నాగపూర్‌లో పుట్టారు.

1932లో ఇండియా మొదటి టెస్టు మ్యాచి ఇంగ్లండులో ఆడింది. జట్టు నాయకుడు నాయుడుగారే. బంతి పట్టబోతే ఆయన చేతికి దెబ్బ తగిలింది. అయినా బ్యాటు పట్టి 40 పరుగులు తీశారు. మన జట్టు మొదటి ఇన్నింగ్సులో అవే అందరికంటే ఎక్కువ.

ఆయన బొమ్మ ఉన్న కార్డు మీద ఆయన బిళ్లే అంటించి, తపాలా ముద్ర వేయించారనుకోండి. బొమ్మ, బిళ్ల, ముద్ర మూడూ కలుస్తాయి. అలాంటి దాన్ని మ్యాగ్జిమమ్ కార్డు అంటారు.

నాయుడుగారు 1967లో చనిపోయారు. ఆయన కూతురు చంద్ర 1977లో రేడియోలో క్రికెట్ ఆట గురించి మాట్లాడారు. మన దేశంలో ఆ పని చేసిన తొలి ఆడమనిషి ఆమే. తండ్రి గురించి పుస్తకం కూడా రాశారు. రాసిపెడితేనే కదా, పేరు నిలిచేది!

మీ ఇంటి కార్డులూ అంతే. బిళ్లను చింపకండి, ముద్రను కత్తిరించకండి. ఏ ఊరు, ఏ తేదీ అన్నది ముద్ర మీదే ఉంటుంది. సముద్రపు గాలికి చెమ్మ తగలకుండా డబ్బాలో పెట్టండి.

మీ ఆయన పేరు, మీ నాన్న పేరు ఏ బిళ్ల మీదా ఉండకపోవచ్చు. ఆ కార్డు మీద వాళ్ల చేతిరాత ఉంది. దాన్ని మీ పిల్లలకు మీరే చదివి వినిపించండి.

చేసి చూడండి: ఒక పాత కార్డు తీయండి. ఎవరు రాశారు? ఏ ఊరి నుంచి? ఏ తేదీన? మీ పలక మీద రాయండి.