పురి ఎక్కువైతే సూర్యుడికీ చిక్కే

మిల్లులో రింగ్ ఫ్రేము మీద ముప్పై ఏండ్లు పని చేసినవాణ్ణి. నూలుకు పురి తక్కువైతే తెగుతుంది. ఎక్కువైతే, కాస్త వదులు దొరికితే చాలు, తనంతట తానే మెలికపడి చిక్కవుతుంది. అది మీకు చెప్పే పని లేదు. సూర్యుడిలో కూడా ఇదే కథ అని నాకు రిటైరైనాకే తెలిసింది.

సూర్యుడు గట్టి గుండు కాదు, కుతకుతలాడే వేడి గ్యాసు. నడుం భాగం సుమారు 25 రోజులకు ఒక చుట్టు తిరిగితే, కొనల దగ్గర 35 రోజుల దాకా పడుతుంది. ఈ తేడాకు లోపలుండే అయస్కాంత శక్తి నూలులాగా సాగుతుంది, చుట్టుకుంటుంది, పురి ఎక్కుతుంది. బలం కూడిన కట్ట చుట్టూ ఉన్న గ్యాసుకన్నా తేలికై, నీళ్లలో బెండులా పైకి లేస్తుంది. అది పైకి పొడుచుకొచ్చిన చోటే నల్ల మచ్చలు కనపడతాయి. ఒక్కో మచ్చ మన భూమికన్నా పెద్దది కూడా ఉంటుంది. సుమారు 11 ఏండ్లకు ఒకసారి ఈ మచ్చలు బాగా పెరుగుతాయి, మళ్లీ తగ్గుతాయి.

పురి మితిమీరితే ఆ మెలికలు తెగి, వేరే విధంగా అతుక్కుంటాయి. అప్పుడే పెద్ద పేలుడు. 1989 మార్చి 13న అట్లాంటి తుఫాను తగిలి కెనడాలోని క్యుబెక్‌లో సుమారు 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది. కరెంటు పోతే ఏమవుతుందో మనకు తెలుసు కదా! ఫ్రేము ఆగి మళ్లీ తిరిగేసరికి ఎన్ని పోగులు తెగేవో, ఆ పూటంతా అతుకులు వేయడంతోనే సరిపోయేది.

దీన్ని కనిపెట్టి చూసే చోటు మన చిక్కబళ్లాపురం జిల్లాలోనే ఉంది. బాగేపల్లి, చింతామణి వాళ్లకు గౌరీబిదనూరు కొత్త ఊరేం కాదు. అక్కడ 1976లో మొదలైన రేడియో పరిశోధన కేంద్రంలో, 1997 నుంచి సూర్యుడి కోసమే ఒక పెద్ద ఏర్పాటు నడుస్తోంది. పాత టీవీ యాంటెన్నాల లాంటివి వరసగా నిలబెట్టి, సూర్యుడి పై పొర నుంచి వచ్చే రేడియో తరంగాలను పడతారు. పేలుడు జరిగితే ఆ తరంగాలు ఎనిమిది నిమిషాల్లో చేరతాయి. విసిరిన గ్యాసు మాత్రం మన దాకా రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. జాగ్రత్త పడేందుకు ఆ సందే మనకు ఆధారం.

2023 సెప్టెంబరు 2న ఇస్రో పంపిన ఆదిత్య ఎల్‌1 కూడా 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ణే చూస్తా ఉంది.

మన పిల్లలు సైన్సు కష్టమంటే ఒక నూలుపోగు చేతికివ్వండి. రెండు కొసలూ పట్టి, పురి ఎక్కించి, కాస్త వదలమనండి. మిగతాది ఆ పోగే చెప్తుంది.