కారు సైలెన్సరు బోల్టుల బిగింపు: శాస్త్రీయ సూత్రాలు, షెడ్డు పరిజ్ఞానం
(మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:
ఇంజిన్‌లో మండిన ఇంధనపు పొగను కారు వెనుకకు చేర్చే గొట్టాల వ్యవస్థ మొత్తాన్నీ వాడుకలో సైలెన్సరు అంటారు. ఈ గొట్టాల అతుకుల వద్ద బోల్టులు బిగించడం చిన్న పనిగా కనిపిస్తుంది. కాని ఘర్షణ, స్థితిస్థాపకత, ఉష్ణవ్యాకోచం అనే మూడు భౌతిక ధర్మాలు ఆ పనిని శాసిస్తాయి. ‘ఎంత బిగిస్తే అంత భద్రం’ అనే భావన ఈ సందర్భంలో ఎందుకు చెల్లదో, సరైన బిగింపుకు పాటించవలసిన క్రమమేమిటో, ఆ క్రమం తప్పితే వాహనానికీ మనిషికీ కలిగే హాని ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. మెకానిక్‌ల వృత్తిపదాలకూ పాఠ్యపుస్తక పరిభాషకూ మధ్య ఉన్న ఎడాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైలెన్సరు, టార్క్, పట్టుబలం, ఘర్షణ, ఉష్ణవ్యాకోచం, కార్బన్ మోనాక్సైడ్, వృత్తి పదజాలం.

1. ప్రవేశిక:
హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్ 44వ జాతీయ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ రెండు మార్గాలనూ కలుపుతుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని ఈ ప్రాంతంలో పరిశ్రమలు, విద్యాసంస్థలు, కొత్త కాలనీలు విస్తరించిన కొద్దీ కార్ల సంఖ్యతో పాటు రోడ్డు పక్క మెకానిక్ షెడ్లూ పెరిగాయి.

ఇక్కడ తిరిగే కారు బాహ్యవలయ రహదారి మీద ఏకధాటి వేగంతో పరుగెత్తి, దిగిన వెంటనే స్పీడ్ బ్రేకర్లు, గుంతలు ఉన్న ఊరి దారిలోకి ప్రవేశిస్తుంది. మొదటి దశలో పొగగొట్టం విపరీతంగా వేడెక్కుతుంది. రెండో దశలో అదే గొట్టం కుదుపులకు లోనవుతుంది. వర్షాకాలంలో వేడి గొట్టం మీద గుంతల నీరు చిమ్ముతుంది. కారు అడుగున వేలాడే భాగాలలో దాదాపు అన్నిటికంటె కిందికి ఉండే ఈ గొట్టాల బోల్టులే మొదట తుప్పు పట్టడం, వదులు కావడం, విరగడం సహజం. కాబట్టి వాటిని తిరిగి బిగించడం షెడ్డులో తరచుగా ఎదురయ్యే పని.

2. బిగింపు – పట్టుబలం:
నట్టును తిప్పినప్పుడు బోల్టు సూక్ష్మంగా సాగుతుంది. సాగిన బోల్టు స్ప్రింగువలె వెనుకకు కుంచించుకోవాలని చూస్తుంది. ఆ ప్రయత్నమే రెండు అంచులనూ దగ్గరకు లాగి, మధ్యనున్న ప్యాకింగును నొక్కిపెడుతుంది. ఈ నొక్కుడును పట్టుబలం అనవచ్చు. అతుకును నిలిపేది ఈ పట్టుబలమే. నట్టును తిప్పడానికి వాడిన బలం కాదు. ఈ భేదాన్ని గుర్తించడమే సరైన బిగింపుకు మొదటి మెట్టు.

పానాతో నట్టు మీద ప్రయోగించే మెలితిప్పు బలాన్ని టార్క్ అంటారు. పానా పొడవును, దాని చివర వేసిన బలంతో గుణిస్తే టార్క్ వస్తుంది. 15 సెంటీమీటర్ల పానా చివర సుమారు 15 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి వేస్తే 22 న్యూటన్-మీటర్ల టార్క్ కలుగుతుంది. అదే పానాకు ఇనుప గొట్టం తొడిగి పొడవును 60 సెంటీమీటర్లకు పెంచి అంతే ఒత్తిడి వేస్తే, టార్క్ నాలుగింతలై 88 న్యూటన్-మీటర్లకు చేరుతుంది. చేతికి మాత్రం శ్రమలో తేడా తెలియదు. పైపు తొడిగి బిగించిన బోల్టు పుటుక్కున తెగిపోవడానికి కారణం ఇదే.

ప్రయోగించిన టార్క్‌లో సుమారు 90 శాతం నట్టు కింది ముఖం వద్ద, మరల మధ్య జరిగే ఘర్షణకే ఖర్చవుతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పదో వంతు మాత్రమే. అందువల్ల ఘర్షణలో కొద్దిపాటి మార్పు కూడా పట్టుబలాన్ని చాలా మారుస్తుంది. ఇంజినీర్లు వాడే స్థూల సూత్రం ఇది:

టార్క్ = నట్టు గుణకం × బోల్టు వ్యాసం × పట్టుబలం

ఇందులో నట్టు గుణకం ఘర్షణ పరిస్థితిని తెలిపే సంఖ్య. పొడి ఉక్కు మరలకు దీనిని సాధారణంగా 0.20గా తీసుకుంటారు. తుప్పు పడితే పెరుగుతుంది, జిడ్డు పూస్తే తగ్గుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టును 22 న్యూటన్-మీటర్లకు బిగించిన ఉదాహరణలో ఫలితాలు ఇలా ఉంటాయి:

అ) మరలు శుభ్రంగా, పొడిగా ఉంటే (గుణకం 0.20) పట్టుబలం సుమారు 13,750 న్యూటన్లు, అంటే దాదాపు 1,400 కిలోల బరువుకు సమానం.
ఆ) మరలు తుప్పు పట్టి ఉంటే (గుణకం 0.30 అనుకుంటే) పట్టుబలం సుమారు 9,170 న్యూటన్లే.
ఇ) మరలకు జామ్ కాకుండా కాపాడే పేస్టు పూస్తే (గుణకం 0.13 అనుకుంటే) పట్టుబలం సుమారు 21,150 న్యూటన్లు.

8.8 తరగతి ఉక్కుతో చేసిన 8 మిల్లీమీటర్ల బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా భరించగల బలం సుమారు 21,200 న్యూటన్లు. అంటే మూడో సందర్భంలో బోల్టు తన హద్దు అంచుకు చేరింది. మూడు సందర్భాలలోనూ టార్క్ రెంచి చూపిన అంకె ఒక్కటే. కాబట్టి కంపెనీ సర్వీసు పుస్తకంలో ఇచ్చిన టార్క్ పొడి మరలకా, జిడ్డు పూసిన మరలకా అన్నది చూసుకోకుండా బిగించడం, తూకపు రాళ్లు సరిచూడకుండా తూచడం వంటిది. తుప్పు మరలను తీగె బ్రష్షుతో శుభ్రం చేయడం, అవసరమైతే కొత్త నట్టు వేయడం అనేవి బిగింపుకు ముందు చేసే అలంకారాలు కావు. బిగింపులో అవి భాగమే.

3. వేడి ప్రభావం:
తలుపు బందుకు బిగించిన బోల్టుకూ సైలెన్సరు బోల్టుకూ తేడా వేడి. పెట్రోలు ఇంజిన్ మీద పూర్తి భారం పడినప్పుడు బయటకు వచ్చే పొగ 800 డిగ్రీల సెల్సియస్‌ను దాటగలదు. మామూలు ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షలలో సుమారు 12 వంతులు వ్యాకోచిస్తుంది. మీటరు పొడవు గొట్టం 30 డిగ్రీల నుంచి 430 డిగ్రీలకు చేరితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారితే మళ్లీ కుంచించుకుంటుంది. ప్రతి ప్రయాణంలోనూ ఈ సాగడం, కుంచించుకోవడం జరుగుతూనే ఉంటాయి.

సైలెన్సరును రబ్బరు కొక్కేలతో వేలాడదీయడం, కొన్ని అతుకుల వద్ద స్ప్రింగు బోల్టులు వాడడం, ఇంజిన్ దగ్గర వంగే గొట్టం అమర్చడం ఈ కదలికకు చోటివ్వడానికే. కదలవలసిన అతుకును కదలకుండా బిగిస్తే ఆ ఒత్తిడి మరొకచోట పగులుగా బయటపడుతుంది. స్ప్రింగు బోల్టు మెడ తన ఆనికకు తగిలే వరకే బిగించాలి. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకునేంతగా బిగిస్తే అది స్ప్రింగుగా పనిచేయదు.

ఇంజిన్ తలకు మానిఫోల్డును కలిపే చోట సమస్య మరింత సూక్ష్మమైనది. తల అల్యూమినియందై, మానిఫోల్డు పోత ఇనుముదైతే రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండవు, ఒకే తీరున వ్యాకోచించవు. నీటితో చల్లబడే తల సుమారు 100 డిగ్రీల దగ్గర నిలిస్తే, మానిఫోల్డు అనేక వందల డిగ్రీలకు చేరుతుంది. దాంతో మానిఫోల్డు రెండు కొసలూ పక్కకు జరగడానికి ప్రయత్నిస్తాయి. కొసన ఉన్న స్టడ్డులే ఎక్కువగా విరగడానికి ఇది ముఖ్యకారణం.

అధిక వేడిలో లోహం నెమ్మదిగా సాగి బిగువును కోల్పోతుంది. ప్యాకింగు కూడా అణగుతుంది. అందుకే ఈ చోట్ల వేడికి తట్టుకునే స్టడ్డులు, పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్లు వాడాలి. నైలాన్ వలయమున్న లాక్ నట్టు ఇతర చోట్ల ఎంత నమ్మకమైనదైనా ఇక్కడ పనికిరాదు. వేడికి నైలాన్ మెత్తబడి పట్టు పోతుంది.

4. బిగించవలసిన క్రమం:
4.1. సిద్ధపరచడం: ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాతనే పని మొదలుపెట్టాలి. కారు కిందికి వెళ్లేముందు దానిని చదునైన నేల మీద స్టాండ్లపై నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మరాదు. పాత ప్యాకింగు ముక్కలను గీకి అంచులను శుభ్రం చేయాలి. ఒకసారి నలిగిన ప్యాకింగును తిరిగి వాడరాదు.

4.2. చేతిబిగింపు: గొట్టాలన్నిటినీ రబ్బరు కొక్కేలకు తగిలించి, అన్ని నట్లనూ వేళ్లతో తిప్పగలిగినంత వరకే బిగించాలి. గొట్టం ఎక్కడా బాడీకి, ఇరుసుకు తగలకుండా సహజస్థితిలో వేలాడుతున్నదో లేదో చూడాలి. వంకరగా ఉన్న గొట్టాన్ని బోల్టు బలంతో సరిచేయడం తప్పు. అలా చేస్తే బోల్టు బిగువులో కొంత గొట్టాన్ని వంచి ఉంచడానికే సరిపోతుంది.

4.3. ముందునుంచి వెనుకకు: ఇంజిన్ వైపు అతుకు నుంచి ప్రారంభించి వెనుకకు వస్తూ బిగించాలి. ముందు భాగం స్థిరపడితే వెనుక భాగాలు దానికి తగినట్లు సర్దుకుంటాయి.

4.4. మధ్యనుంచి కొసలకు: మానిఫోల్డు నట్లను మధ్యనుంచి మొదలుపెట్టి రెండువైపులకూ ఒకటొకటిగా బిగించాలి. ఇది కూడా ఒక్కసారిగా కాక రెండు మూడు విడతలలో జరగాలి: తొలి విడతలో నిర్ణీత టార్క్‌లో సగం, తర్వాత మూడు వంతులు, చివరకు పూర్తి టార్క్. రెండు బోల్టుల అంచు అయితే అటొకసారి ఇటొకసారి బిగిస్తూ, అంచుల మధ్య సందు రెండువైపులా సమానంగా ఉందో లేదో గమనించాలి. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకు వెళితే ప్యాకింగు ఒక అంచున నలిగి, మరో అంచున తెరుచుకుంటుంది.

4.5. పరీక్ష: పని పూర్తయ్యాక ఆరుబయట ఇంజిన్‌ను నడిపి, చల్లగా ఉన్నప్పుడే అతుకుల వద్ద సబ్బునీరు చిలకరించి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ‘టిక్ టిక్’ అనే చప్పుడు మానిఫోల్డు లీకుకు గుర్తు. ఇంజిన్ వేడెక్కి చల్లారిన తర్వాత మళ్లీ బిగించాలా వద్దా అన్న విషయంలో ఆ కారు సర్వీసు పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

5. క్రమం తప్పితే కలిగే పర్యవసానాలు:
లీకు వల్ల వచ్చే మొదటి నష్టం ఇంధనానిది. పొగ అలలు అలలుగా వెలువడుతుంది; రెండు అలల నడుమ గొట్టంలో ఒత్తిడి తగ్గినప్పుడు సందులోంచి బయటి గాలి లోపలికి చొరబడుతుంది. ఆక్సిజన్ సెన్సరు ఆ గాలిని గుర్తించి, ఇంధనం తక్కువైందని ఇంజిన్ కంప్యూటరుకు తప్పుడు సంకేతం ఇస్తుంది. కంప్యూటరు అనవసరంగా ఇంధనాన్ని పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, ఉత్ప్రేరక కన్వర్టరు మీద అదనపు భారం పడుతుంది. దేశవ్యాప్తంగా 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణాల కార్లలో పొగ శుద్ధి ఈ సెన్సర్ల మీదే ఆధారపడి ఉంది. యజమాని ఖరీదైన సెన్సరును మార్పించినా దోషం తీరదు. ఎందుకంటే అసలు దోషం ఒక వదులు నట్టులో ఉంది.

రెండో నష్టం ప్రాణానికి సంబంధించినది. కన్వర్టరును చేరకముందే లీకయ్యే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా బలంగా దానిని పట్టుకుంటుంది. అద్దాలు మూసి, ఏసీ వేసుకుని, ఆగిన కారులో నిద్రించేవారికి ఇది ప్రాణాంతకం కావచ్చు. తలనొప్పి, మగత, వికారం అనే తొలి లక్షణాలను ప్రయాణపు అలసటగా పొరబడే అవకాశం ఉంది. యజమాని కంటె ముందు ప్రమాదానికి గురయ్యేది మెకానిక్కే. వానకు షట్టరు దించిన షెడ్డులో ఇంజిన్ నడుపుతూ లీకు వెదకడం అతనికి ఎంతమాత్రం క్షేమం కాదు.

6. వృత్తి పదజాలం – బోధన:
హైదరాబాదు పరిసరాల మెకానిక్‌ల మాటల్లో పానా, వైసర్, ప్యాకింగ్, చూడీ వంటి పదాలు వినిపిస్తాయి. చూడీ అంటే ఉర్దూలో గాజు. బోల్టు చుట్టూ తిరిగే మరకు అదే పేరు స్థిరపడింది. ‘చూడీ పోయింది’ అన్నప్పుడు మెకానిక్ చెప్పేది అతిబిగింపుకు లోనైన మర తెగిన స్థితినే. ఆ దశ రాకముందు చేతికి తెలిసే మార్పును కూడా అనుభవజ్ఞుడు గుర్తిస్తాడు: క్రమంగా గట్టిపడుతున్న నట్టు హఠాత్తుగా తేలికగా తిరగడం మొదలైతే అతడు ఆపేస్తాడు. బోల్టు స్థితిస్థాపక హద్దు దాటిందని శాస్త్రం చెప్పే విషయాన్నే ఆ చేయి గ్రహించింది.

అయితే ‘టైటు’, ‘బిగువు’ అనే మాటలు టార్క్‌నూ పట్టుబలాన్నీ వేరుచేయవు. తుప్పు పట్టిన నట్టు కూడా చేతికి ‘టైటు’గానే తోస్తుంది. పాఠ్యపుస్తకం ఈ భేదాన్ని చెబుతుంది కాని షెడ్డు భాషలో చెప్పదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను క్షేత్రస్థాయిలో సేకరించింది. మోటారు వృత్తిలోనూ అటువంటి సేకరణ జరిగితే, ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు పరిభాషను వారికి తెలిసిన పదాల ద్వారానే బోధించవచ్చు.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల ఈ అంశాలు స్పష్టమవుతున్నాయి.
• అతుకును నిలిపేది పట్టుబలం. టార్క్ దానిని అంచనా వేసే సాధనం మాత్రమే. మరల స్థితి మారితే ఒకే టార్క్ వేర్వేరు పట్టుబలాలను ఇస్తుంది.
• సైలెన్సరు వేడికి కదిలే వ్యవస్థ. ఏ అతుకు కదలాలో, ఏది కదలకూడదో తెలిసి బిగించాలి.
• ముందునుంచి వెనుకకు, మధ్యనుంచి కొసలకు, విడతలవారీగా సాగే క్రమం ఒత్తిడిని సమానంగా పంచుతుంది.
• లీకు ఇంధన నష్టంతో ఆగదు. కారులో కూర్చున్నవారికీ, కారు కింద పనిచేసేవారికీ ప్రాణాపాయం కాగలదు.

మేడ్చల్, శామీర్‌పేట రహదారుల పక్క షెడ్లలో పనిచేసే చేతులకు అనుభవం కొరత లేదు. ఆ అనుభవానికి టార్క్ రెంచి, సర్వీసు పుస్తకంలోని అంకె, దాని అర్థాన్ని తెలుగులో చెప్పగల బోధన తోడు కావాలి.